నిలబడి చెప్పిన మాట

జూన్ 4

అక్కకి,

ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము కాబట్టి ఆ వాక్యం రాయడం లేదు. నువ్వు క్షేమంగానే ఉండుంటావు. తమ్ముడి తలుపుకి తాళం వేయించి హాయిగా నిద్రపోయే గుండె నీకుందని నిన్ననే తెలిసింది.

నిన్న మా కుట్టు స్కూలు మొదలుపెట్టాల్సిన రోజు. ఆర్నెల్లుగా నీ మరదలూ నేనూ పడ్డ పాట్లు నీకు తెలియనివి కావు. మేడమీది హాలు కడిగి, మిషన్లకి నూనె పోసి, పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చి వేశాం. చేరతామన్న ఆడపిల్లలు తల్లుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. సరిగ్గా అప్పుడే భవనాల తనిఖీ ఆఫీసు నుంచి ఇద్దరు మెట్లెక్కి వచ్చి, ఈ కట్టడం ప్రమాదకరమని ఫిర్యాదు అందిందంటూ అందర్నీ కిందికి దింపి, తాళం వేసి సీలు కొట్టారు. నీ మరదలు కత్తెర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎవరిచ్చారు ఫిర్యాదు అని అడిగితే కాగితం చూపించారు. అడుగున నీ సంతకం. నాన్న ఊళ్ళో లేనప్పుడు నా మార్కుల కార్డు మీద నువ్వు పెట్టేదానివే, ఆ వంకర నేను మర్చిపోతానా.

పోయిన వారమే కదా నువ్వు వచ్చి చూసి వెళ్ళావు. హాలంతా తిరిగావు, కర్టెన్లు బాగున్నాయన్నావు, నా కూతురికి జడ వేశావు, బస్సెక్కావు. నాతో ఒక్క ముక్క అనలేదు. మీ ఊళ్ళో అదే ఆఫీసులో ఇంజనీరువి కాబట్టి ఇక్కడివాళ్ళు నీ కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు.

నాకు తెలుసు ఇది ఎక్కడ మొదలైందో. ఇన్సూరెన్సు ఆఫీసు ఉద్యోగం మానేసి భార్యతో కలిసి కుట్టు స్కూలు పెడతానన్న రోజే నీ మొహం మాడిపోయింది. అప్పట్నుంచీ కడుపులో పెట్టుకున్నది ఇప్పుడు కక్కావు.

ఫోన్ చేయకు, ఎత్తను. పెద్ద తగువులు కాగితం మీదే తేల్చుకోవాలని నాన్న నేర్పిన పద్ధతి మనది. కారణాలు రాయి. మూడు.

కాదనుకుందామన్నా కుదరని నీ తమ్ముడు

జూన్ 8

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాక గ్లాసెడు నీళ్ళు తాగి, మళ్ళీ చదివి, ఇంకో గ్లాసు తాగాను. నీ స్కూలు మీద నాకు కడుపుమంట అట. మిషన్లు ఏవి కొనాలో మరదలితో బజారంతా తిరిగింది ఎవర్రా? నువ్వా?

నీతో ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు వాదిస్తావు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఇల్లు కాలినవాణ్ణి కూడా నిప్పు ఎక్కడంటుకుందో ముందు రుజువు చెయ్యమన్న మనిషివి. వాదన తేలేలోపు పిల్లలు మేడెక్కుతారు. అందుకే తాళం ముందు వేయించాను.

మూడు కారణాలు అడిగావు. రాసుకో. ఒకటి, ముందు వైపు స్తంభాలు ఆ బరువుకి సన్నం. రెండు, మెట్లు ఇరుకు, ఏదన్నా జరిగితే అంతమంది ఒకేసారి దిగలేరు. మూడు, పైన నీళ్ళ ట్యాంకు, ఈ కట్టడం మోయలేని బరువు. ఇవే ఫిర్యాదులోనూ రాశాను. నీకు వేరే, ఆఫీసుకి వేరే చెప్పలేదు.

ఇతరుల కప్పుల కింద నిలబడి పైకి చూసే ఉద్యోగం నాది. నీ మీద కోపంతోనో ప్రేమతోనో సంతకాలు పెట్టను. ఆ మాట ఇంకోసారి అనకు.

కర్టెన్లు నిజంగానే బాగున్నాయని మరదలికి చెప్పు. నాన్న మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

అక్క

జూన్ 17

అక్కకి,

నాన్న మోకాళ్ళ సంగతి తర్వాత. ముందు నీ మూడు కారణాల సంగతి.

మీ ఆఫీసుతో సంబంధం లేని ఇంజనీరునొకణ్ణి పట్టుకున్నాను. బట్టతలాయన, మాట తక్కువ మనిషి. నీ ఫిర్యాదు నకలు చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. స్తంభాలు కొలిచాడు, ఏదో మెషిన్ పెట్టి లోపల ఇనుము చూశాడు, ఈ బరువుకి రెట్టింపైనా మోస్తాయన్నాడు. మెట్లు ఉండాల్సిన దానికన్నా జానెడు ఎక్కువ వెడల్పే ఉన్నాయి. ఇక నీళ్ళ ట్యాంకు. అక్కా, అందులో నీళ్ళు లేవు. ఎప్పట్నుంచో లేవు. పావురాలు గుడ్లు పెట్టుకున్నాయి. ఆ పావురాల బరువుకి మా మేడ కూలుతుందని నువ్వు సంతకం పెట్టావు.

ఆయన రిపోర్టు ఇవ్వగానే సీలు తీసేశారు. మొన్న స్కూలు మొదలైంది. మిషన్లన్నీ ఒక్కసారి నడుస్తుంటే ఆ చప్పుడు వినడానికి ఎంత బాగుందో నీకు చెప్పాలనిపించి, నీ మొహం గుర్తొచ్చి మానేశాను. చేరతామన్న వాళ్ళలో నలుగురు మాత్రం రాలేదు. తాళం పడ్డ స్కూలుకి పంపబోమన్నారు వాళ్ళ అమ్మలు. అది నీ ఖాతాలో వేసుకో.

నాన్నకి రిపోర్టు చదివి వినిపించాను. అంతా విని, మూడుకి సున్నా అన్నారు. అంతే అన్నారు.

నీ పై అధికారులకి నేనూ ఒక ఫిర్యాదు పంపాను. అబద్ధపు కారణాలతో సంతకం పెట్టే మనిషి చేతిలో ఆ కలం ఉండకూడదని రాశాను. నీలాగే నేనూ చెప్పకుండానే చేద్దామనుకున్నాను కానీ నాకా అలవాటు లేదు.

తమ్ముడు

జూన్ 21

తమ్ముడికి,

నీ ఫిర్యాదు చేరింది. సంజాయిషీ ఇవ్వమని మెమో ఇచ్చారు. విచారణ అయ్యేదాకా సంతకాలు పెట్టవద్దన్నారు. ఇప్పుడు ఆఫీసులో నా బల్ల మీద ఒక పేపర్ వెయిట్ ఉంది, దాని కింద ఏ కాగితమూ లేదు. సంతోషమేనా?

ఇక విను. నీ బట్టతలాయన కరెక్టు. ఆ మూడు కారణాలూ నేను కూర్చుని కల్పించినవే.

నిజంగా జరిగింది ఇది. ఆ రోజు మీ మెట్లెక్కి, హాలు తలుపు భుజంతో తోసి లోపలికి అడుగు పెట్టగానే నా నోరెండిపోయింది. హాలు మధ్యకి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. నీ కూతురు అటు పరుగెత్తబోతే జడ వేస్తానని పట్టుకుని గోడ పక్కనే కూర్చోబెట్టాను. బస్సులో వస్తున్నంతసేపూ చేతులు చల్లగానే ఉన్నాయి. ఎందుకో తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఆ సంగతి నీతో ఎలా చెప్పను? మనం ఏ ఇంట్లో పెరిగాం? కాలేజీలో తర్కం చెప్పే నాన్న, ఇంట్లోనూ అదే చెప్పారు. ఏది కావాలన్నా, ఏది వద్దన్నా మూడు కారణాలు చెప్పాలి. 'అనిపించింది' అన్నవాళ్ళు ఆ పూట నిలబడి తినాలి. నువ్వూ నేనూ రెండుసార్లు నిలబడి నేర్చుకున్నాం. అమ్మ నేర్చుకోలేదు. అమ్మ ఎన్ని పూటలు గోడకానుకుని నిలబడి తిన్నదో లెక్కే లేదు. మనం నవ్వేవాళ్ళం కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

భయం ముందొచ్చింది, కారణాలు తర్వాత కుట్టాను. ఈ విద్య నాకొక్కదానికే వచ్చా? నువ్వు ఉద్యోగం మానేటప్పుడు చెప్పిన మూడు కారణాలు గుర్తున్నాయా? అవి ఉద్యోగం మానేశాక ఎన్నాళ్ళకి దొరికాయి నీకు?

కారణాలు తప్పు. అయినా సరే, స్కూలు మూసెయ్. పిల్లల్ని ఎక్కించకు.

అక్క

జూన్ 25

అక్కకి,

అంటే ఆఫీసు కాగితం మీద, తెలిసి తెలిసి, అబద్ధం రాశావు. నేను ఫిర్యాదులో అది ఊహించి రాశాను. నువ్వే రుజువు చేతికిచ్చావు. పైగా అమ్మని మధ్యలోకి లాగావు. అమ్మ పేరు చెబితే నేను మెత్తబడతానని లెక్క వేసుకునే రాసుంటావు.

నీ నోరెండిపోతే నేను స్కూలు మూసుకోవాలి. రేపు ఎవరికో దగ్గొస్తే ఆస్పత్రి మూయిస్తావేమో. నేను ఇన్నాళ్ళూ క్లెయిములు చూసినవాణ్ణి. గుండె దడదడలాడిందని ఎవరూ డబ్బివ్వరు, ఎవరూ తాళాలూ వేయరు. లోకం అలా నడవదు.

ఇక్కడ అందరూ సుఖంగా ఉన్నారు. కింద సోఫాల షాపు కొత్తగా పెట్టినాయన ఎంత మర్యాదస్థుడో. స్కూలు మొదలైన రోజు నిలువెత్తు అద్దం బహుమతిగా ఇచ్చాడు, పిల్లలు కుట్టినవి వేసుకుని చూసుకోవచ్చని. ఆయన షాపు నువ్వు చూడాల్సింది, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకటే హాలు, పైన తెల్లటి కొత్త సీలింగు, లైట్లు. నాన్నని లోపల ఫాను కింద కూర్చోమని ఎంతో బతిమాలాడు. నాన్న వినలేదు. రోడ్డవతల పళ్ళ బండి దగ్గర స్టూలు వేయించుకుని ఎండలో కూర్చున్నారు. పైకి రమ్మంటే మోకాళ్ళు నొప్పన్నారు, ఎండ మంచిదన్నారు, జనంలో ఊపిరాడదన్నారు. రోజూ అంతే. మనవరాలు స్కూల్లో ఉన్నంతసేపూ అక్కడే కూర్చుని మేడ వైపు చూస్తుంటారు. ముసలితనం.

ఒక్క హాలు తలుపే విసిగిస్తోంది. వానలకి చెక్క ఉబ్బిందని వడ్రంగి మూడోసారి చిత్రిక పట్టాడు. దానికీ నీ దగ్గర మూడు కారణాలుంటే రాయకు.

ఇకమీదట నీ ఉత్తరాలు విప్పను.

తమ్ముడు

జూన్ 28

ఒరేయ్,

విప్పనన్నావు కాబట్టి కవరు మీద మరదలి పేరు రాశాను. తను నీ చేతిలో పెడుతుంది. ఇది నీకు చేరేసరికి నామీద ఇంకా మండిపడుతుంటావు. పడు. ముందు చదువు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. నాన్న రోడ్డవతల ఎండలో కూర్చుంటున్నారని చదివి అక్కడే ఆగిపోయాను. మీ ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. నాన్న ఆ మెట్లు రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతారు. మీ స్కూలు మొదటి అంతస్తే. మోకాళ్ళ నొప్పి ఎవరికి చెబుతున్నారు?

ఇక ఆలోచించలేదు. మరదలికి ఫోన్ చేశాను. పిల్లల్ని దించెయ్యమ్మా, కారణం అడిగితే నా దగ్గర లేదు అన్నాను. సరే వదినా అంది. అంతే. ఫోన్ పెట్టేయలేదు తను, బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఒక్కొక్క మిషనే ఆగిపోవడం నాకు వినిపించింది. చివరి మిషను ఆగేదాకా నేను కుర్చీలో కూర్చోలేదు. కిందున్న సోఫాలాయన్నీ బయటికి పిలువు అని మాత్రం అరిచాను.

ఫోన్ పెట్టేశాక అప్పుడు గుర్తొచ్చింది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకటే హాలు అని రాశావు. రెండేళ్ళ క్రితం మీ ఇంటి తాళంచెవికి నకలు చేయించడానికి నేను అక్కడికే వెళ్ళాను. అప్పుడవి రెండు షాపులు. ఇటు తాళాలాయన, అటు గడియారాలాయన. మధ్య గోడకి వందల మేకులు, మేకుకొక తాళంచెవి. ఆ గోడ ఏదిరా?

ముందు వైపే స్తంభాలు. పాత కట్టడం, మధ్య బరువంతా మోసేది ఆ గోడే. నీ తలుపు వానకి ఉబ్బడం లేదు, పైనుంచి దిగుతోంది. ఆ రోజు మెట్లెక్కుతూ అద్దాల్లోంచి ఆ షాపు చూశాను, తలుపు భుజంతో తోశాను, చిత్రిక పట్టిన కొత్త చెక్క చూశాను. చూసినట్టు నాకు తెలియలేదు. నోటికి తెలిసింది, కాళ్ళకి తెలిసింది.

ఆ తెల్లటి సీలింగు ఒక్క పలక తీయించు. వాదన తర్వాత పెట్టుకుందాం.

అక్క

జూలై 4

అక్కకి,

నువ్వు ఫోన్ చేసిన రోజు నేను బయటి నుంచి వచ్చేసరికి పిల్లలంతా రోడ్డవతల, నాన్న చుట్టూ నిలబడి ఉన్నారు. సగం కుట్టిన జాకెట్లు చేతుల్లో ఉన్నాయి. అందరి ముందూ నీ మరదలి మీద కేకలేశాను. మా అక్క పిచ్చి నీకూ అంటుకుందా, కారణం అడగవా అన్నాను. తను గొంతు పెంచలేదు.

"మీ అక్కకి భయం వేసింది. నాకు అది చాలు," అంది.

మళ్ళీ తెరుస్తానని రెండు రోజులు గొడవ చేశాను. తను తాళంచెవి ఇవ్వలేదు. తర్వాత నీ ఉత్తరం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. చదివి కిందికి వెళ్ళాను. సోఫాలాయన ఒంటికాలి మీద లేచాడు. అద్దం ఇచ్చిన మర్యాదంతా ఆ ఒక్క పూటతో అయిపోయింది. బట్టతలాయన్ని పిలిపించి, దగ్గరుండి ఒక పలక తీయించాను. గోడ లేదు. గోడ ఉన్నచోట ఏ ఆధారమూ లేదు, పైన దూలం మధ్యకి పగిలి ఉంది. పగులులో నీ మరదలి కత్తెర మొన పట్టింది. ఆయన కిందికి దిగి బట్టతల తుడుచుకుని, ముందు అందర్నీ బయటికి పదమన్నాడు. ఇప్పుడు అక్కడ ఇనుప గుంజలు నిలబెట్టారు. మేడకి మళ్ళీ తాళం పడింది, ఈసారి నేనే వేశాను.

గెలిచానని నవ్వుకోకు. నాకు నీ మీద కోపం ఇప్పుడే ఎక్కువైంది. మీకు ఇది ముందే ఎందుకు కనబడలేదని ఆయన్ని నిలదీస్తే, ఫిర్యాదులో రాసిన మూడు చోట్లే చూశానండీ అన్నాడు. విన్నావా? నువ్వు కుట్టిన మూడు అబద్ధాల వల్ల ఆయన మూడు చోట్ల చూసి, అన్నీ బాగున్నాయని వెళ్ళిపోయాడు. 'ఏదో బాగాలేదు, ఏమిటో తెలియదు' అని నిజం రాసి ఉంటే మొత్తం చూసేవాడు. నీ భయం నిజం, నీ కారణాలు పిల్లల ప్రాణాల మీదికి తెచ్చాయి. అందుకే ఫిర్యాదు వెనక్కి తీసుకోను.

నన్ను నేను వదిలేశాననుకోకు. మిషన్లన్నీ గోడల వెంబడే ఎందుకు వేశారు, మధ్యలో ఇంకో ఆరు పట్టేవి కదా అని నీ మరదలు మొదట్లోనే అడిగింది. వెలుతురన్నాను, నడవడానికి దారన్నాను, ప్లగ్గులన్నాను. ప్లగ్గులు మధ్యలో కూడా ఉన్నాయక్కా.

నిన్న భోజనాల దగ్గర నాన్నని అడిగాను. మోకాళ్ళు నొప్పి లేదు కదా, మరి ఎందుకు పైకి రాలేదని. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు. మళ్ళీ అడిగాను.

"ఆ మెట్ల దగ్గరికి వెళ్తే అడుగు పడలేదురా. ఎందుకో తెలియదు. అనిపించింది," అన్నారు.

అని, కంచం చేతిలోకి తీసుకుని లేచి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మేం కూర్చోమంటున్నా వినలేదు. నిలబడే తిన్నారు. నా కూతురు తాతయ్య ఏదో ఆట ఆడుతున్నారనుకుని నవ్వింది. నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండిపోయింది. సొంత మనవరాలు పైన కూర్చుంటే రోడ్డవతలి నుంచి కాపలా కాశారు గానీ నోరు విప్పలేదు. ఆ మాటే అన్నాను. అవునన్నారు.

తమ్ముడు

జూలై 19

తమ్ముడికి,

నిన్న విచారణ జరిగింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకోనన్న నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. తర్వాత ఎంత వెతికినా నీ మాటలో తప్పు దొరకలేదు, దానికి ఇంకో రోజు తిట్టుకున్నాను.

గదిలో ముగ్గురు అధికారులు ఉన్నారు, ముగ్గురూ నాకు తెలిసినవాళ్ళే. పెద్దాయన నాకు దారి చూపించబోయారు. గోడ తీసేశారన్న అనుమానం నాకు ముందే ఉందని, ఫిర్యాదులో రాయడం మర్చిపోయానని అంటే సరిపోతుందన్నారు. మన మూడు కారణాల్లాంటిదే ఒకటి తయారుగా బల్ల మీద పెట్టారన్నమాట, నేను తీసుకోవడమే ఆలస్యం. మన ఇల్లు ఎంత పెద్దదో నాకు అప్పుడు అర్థమైంది.

నేను లేచాను. ఫిర్యాదులో రాసినవి అబద్ధాలని, అవి అబద్ధాలని తెలిసే రాశానని చెప్పాను. మరి అసలు కారణం ఏమిటని అడిగారు. అక్కడ ప్రమాదం ఉందని నాకు అనిపించింది అన్నాను. రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి, ఈ మాట రాయమంటారా అని పెద్దాయన్ని అడిగాడు. ఆయన నా వైపు చూశారు.

"రాయండి," అన్నాను.

కూర్చుని చెప్పండమ్మా అని కుర్చీ చూపించారు. అక్కర్లేదండీ, ఈ మాట మా ఇంట్లో నిలబడే అనాలి అన్నాను. వాళ్ళకేం అర్థమై ఉంటుంది. నాకు మాత్రం అమ్మ పక్కన నిలబడ్డట్టుంది, అక్కడే ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఏడాదిపాటు సంతకం లేదు. సరిగ్గానే చేశారు.

నాన్నతో నేను మాట్లాడతాను, ఇప్పుడే కాదు. వేరే హాలు దొరికితే మరదల్ని ముందు లోపలికి పంపు. తను నడిచి వచ్చి సరే అంటే అప్పుడు బట్టతలాయన్ని పిలువు, మొత్తం చూడమను.

నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. ఎందుకని మాత్రం అడగకు.

అక్క